మూడంగుళాలు

వేలూరు రోడ్డులో, లారీల కాటా దాటినాక
గౌస్‌పీర్ షెడ్డు.
రేకుల కింద నా బొలెరో పికప్పు
నాలుగు చెక్కమొద్దుల మీద, చక్రాలు ఊడదీసి,
సూదికి చొక్కా విప్పి నిలబడిన పిల్లోడి మాదిరి.

"ఎక్కించింది నేనే, దించేదీ నేనేనా?"
అని నవ్వి, యూ బోల్టుల మీద కిరసనాయిలు పోసి
టీకి పోయినాడు.
తుప్పు నానాల.
అంతవరకు ఎవురూ చేసేదేమీ లేదు.

మూడేండ్ల కింద ఇదే షెడ్డులో
యాక్సిలుకూ కమాను కట్టకూ నడాన ఇనప దిమ్మెలు పెట్టించి
పట్టీలు రెండు జాస్తి చేర్పించి
బండిని మూడంగుళాలు ఎత్తించినా.
ఇరాల అవతల తోపుల దారి, అన్నీ రాళ్ళు, అని అందరికీ చెప్పినా.
దారి సాకు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ, మామిడి బండ్ల వరసలో
రాత్రంతా కాసుకోనుండేటప్పుడు
నా బండి నెత్తి అందరికన్నా పైన కనపడాల. అదీ సంగతి.
కనపడింది కూడా.
ఇద్దురు డ్రైవర్లు దిగొచ్చి, వంగి కింద చూసి పోయినారు.
ఆ రాత్రి తిన్న పరోటా రుచి ఇప్పటికీ నాలిక మీదుంది.

ఎత్తినాక బండి
మలుపులో కల్లు తాగినోడి మాదిరి ఒళ్ళు వాల్చేది.
లైట్లు రోడ్డును వదిలేసి
చింతకొమ్మల్లో కాకుల్ని నిద్ర లేపేవి.
ఎదురొచ్చినోళ్ళంతా డిప్పరు కొట్టి తిట్టేవాళ్ళు.
డీజిలు లెక్క ఇంట్లో చెప్పలా.
వీటిల్లో దేనికీ నేను దించలేదు.

పోయిన కాపులో, ఒక సాయంత్రం
తోపులో గంపలెత్తే కన్నెమ్మ
ముప్పై కిలోల తోతాపురి గంపను
నడుము నించి ఎదకు, ఎద నించి తలకు ఎత్తి
ఇంక పైకి పోక, అట్నే నిలబడిపోయింది.
నేను పైన్నించి వంగి చేతులు చాపినా.
అందలా.
"నీ బండి పెరిగింది నాయినా,
నా చేతులు పెరగలేదే" అనింది,
కోపంగా కాదు,
ఈ కాయ ఇంకా పచ్చిది అని చెప్పినట్టు.
గంప దించి, చుట్టకుదురు విప్పి మొగం తుడుచుకోని
మళ్ళా ఎత్తింది.
ఆ పొద్దు యాభై గంపలు.

ఇంటికొచ్చి పండుకున్నాక లెక్క దానంతటదే వచ్చింది.
యాభై మూళ్ళు నూటాయాభై అంగుళాలు.
మా మిద్దె ఎత్తు.
నా సోకును ఆమె దినానికొకసారి మిద్దెకెక్కిస్తా ఉండాది,
కూలి లేకుండా.

బోల్టు నానింది.
స్పానరుకు పైపు తొడిగి ఇద్దరం తొక్కితే
కుయ్యిమని ఒక చుట్టు తిరిగింది.
పాత సామాను అటక మీద గోనెసంచిలో ఉన్నింది.
బెల్లం గోనె అది, ఇనుముకు చీమలు పట్టినాయి.
గౌస్‌పీర్ ఒక్కొక్కటీ తుడిచి, గ్రీసు పూసి
"కంపెనీవోడు పిచ్చోడు కాదప్పా, కొలిచే పెట్టినాడు" అన్నాడు.
ఆ మాట అప్పుడే చెప్పుంటే?
"అప్పుడు నువ్వు నన్నడిగింది దిమ్మెల రేటు."

జాకీ దించినాడు.
బండి ఊపిరొదిలి కూర్చునింది,
తలపాగా తీసిన పెద్దమనిషి మాదిరి.
లైటు వేస్తే గోడ మీద కాదు, నేల మీద పడింది.
నేల మీద ఒక నట్టు మెరిసింది.
అది ఎక్కడిదో ఇద్దరికీ తెలియలా.

"ఎడమకు రొంత లాగుతుంది, వారం తోలు,
కట్టలు కుదురుకుంటాయి" అన్నాడు.
దిమ్మెలు రెండూ సంచిలో వేసిచ్చినాడు.
ఒకటి గేటుకు అడ్డం పెట్టొచ్చు.
రెండోదానికి పని తోచలా.

డబ్బులిచ్చి, ఎక్కబోతే
అలవాటుగా కాలు ఎత్తుకు లేచి
లేని మెట్టు మీద పడింది.
తూలి, డోరు పట్టుకున్నా.
గౌస్‌పీర్ అటు తిరిగి చేతులు కడుక్కుంటా ఉన్నాడు,
చానాసేపు.